చెప్పుల బొమ్మకు ఏడుగురి కథ

ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఏడుగురు సాయంత్రాలు బడి వరండాలో కూర్చుని చదువు నేర్చుకునేవారు. పంతులమ్మ కృపాజ్యోతి వారానికి రెండుసార్లు కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. అక్షరాలైపోయాయి, చిన్న చిన్న మాటలు రాయడం వచ్చేసింది, ఇక కథలు కడదామని ఆ రోజు ఒక బొమ్మ పట్టుకొచ్చింది. మూసిన తలుపు, దాని ముందర మగవాళ్ల చెప్పుల జత. అంతే.

“ఇవి ఎవరివి? ఏది తోస్తే అది రాయండి. ఒక్కొక్కరు ఒక్క మాట రాసి పక్కామెకు ఇయ్యాలె. ఆట అనుకోండి,” అంది.

కాగితం మొదట రాములవ్వ చేతికొచ్చింది. ఆమె మొగుడు హనుమాండ్లు పన్నెండేళ్ల కింద కామారెడ్డిలో రైస్ మిల్లు పనికని పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. అప్పటినుంచి బీడీల మీద, ఒంటరి ఆడవాళ్లకిచ్చే పింఛన్ మీద ఆమె బతుకు. అదంతా ఊరికి తెలుసు. ఆమె ఇంకా లోపల ఏం దాచుకుందో మాత్రం ఊరికి తెలియదు. పెన్సిలు నొక్కి నొక్కి రాసింది: ‘ఆయన ఇంటికి వచ్చిండు. జొన్నరొట్టె తింటున్నడు.’

పక్కనున్న రుక్మాబాయి కూడబలుక్కుని చదివి, కాగితాన్ని వెనక్కి నెట్టింది.

“ఏందవ్వ గిది? చెరిపెయ్.”

“ఎందుకే, ఆటనే కద.”

“కాయిదం మీద పడ్డంక ఆట ఏడిది? మొన్న సర్వేకొచ్చినామె గూడ గిట్లనే నవ్వుకుంట అడిగింది. కొడుకు పైసలు పంపుతడని నోరు జారిన, నా పింఛన్ ఆగింది. నీ గడపల మగోని చెప్పులున్నయని నీ చేతితోనే రాసిస్తున్నవ్. ఇగ నువ్వు ఒంటరిదానివెట్లయితవ్?”

“అవునవ్వ, గా రొట్టెకు జొన్నలు ఏడియని గూడ అడుగుతరు,” అంది ఎస్తేర్. అందరూ నవ్వారు. రాములవ్వ కూడా నవ్వింది గాని కాగితం వదలలేదు.

“మేడం, గిది ఏడికి పోతది?”

“మా ఆఫీసుకు. పెద్దసార్లు చూసి, మంచిగుంటే పుస్తకంల వేస్తరు, మీ పేర్లతోటి.”

పేర్లనగానే ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రాములవ్వ రబ్బరు తీసుకుంది. ముందు రొట్టె పోయింది. ‘వచ్చిండు’ అన్నది ఎంత రుద్దినా గాటు పోలేదు.

“సచ్చిండని రాయి. గట్టిగుంటది,” అంది రుక్మాబాయి.

“బతికున్నోన్ని ఎట్ల రాస్తనే?”

“నీకు బతికున్నడా?”

పన్నెండేళ్లలో చుట్టుపక్కల ఎందరో వాడు చావాలని ఆమె ముందే తిట్టారు. ఆమె నోటి నుంచి మాత్రం ఆ మాట ఒక్కసారీ రాలేదు. ఆ మాటను ఇప్పుడు పాత గాటు మీదే రాసింది: ‘ఆయన సచ్చిండు. చెప్పులు మిగిలినయి.’

ఇక కాగితం పరుగెత్తింది. ఒకామె కథలో ఇంటి కప్పు కూల్చింది, ఇంకొకామె కొడుకు చూడడంది, ఎస్తేర్ కళ్లు కూడా కనబడవని రాసింది.

పైకి చదివేసరికి కృపాజ్యోతి ముఖం చిన్నబోయింది.

“ఏందమ్మా, ఏడుగురు కలిసి గా ఇంటామెను గిట్ల చేసిన్రు? ఒక్కరన్న సంతోషంగ రాయొద్దా?”

కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చూసింది.

“సరే గాని, మొదటి మాట మంచిగున్నది. పుస్తకంల అదే ముందు పెట్టిస్త. ఎవరు రాసిన్రు?”

ఆరుగురూ రాములవ్వ వైపు చూశారు. ఆమె బడిపిల్లలా లేచి నిలబడింది.

“నేనే, మేడం.”

“రా అవ్వా, కింద సంతకం పెట్టు.”

రాములవ్వ పెన్సిలు ఆనించబోతే కృపాజ్యోతి చేయి అడ్డం పెట్టి, తన పెన్ను మూత తీసి ఇచ్చింది.

“దీంతోని పెట్టు. పెన్సిలైతే చెరిగిపోతది.”

రాములవ్వ పెన్నుతోనే పెట్టింది.