సెవెన్ గెలిచిన పూట

దంతాలపల్లిలో సోమేశ్వర్ నడిపే ఆన్‌లైన్ సెంటర్‌లో ఆ ఉదయం రెండు కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి విండోస్ సెవెన్ మీద నడిచే పాతది. మంజుల పదకొండేళ్లుగా దాని ముందే కూర్చుంటోంది. రెండోది లెవెన్ వేసిన కొత్తది. దాని ముందు సోమేశ్వర్ బామ్మర్ది ప్రశాంత్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"రాజలింగు బిడ్డలిద్దరికి హాస్టల్ దరఖాస్తులు. చెరొకటి నింపుండ్రి. ఎవల ప్రింటు ముందుగాల వస్తే వాళ్లకే కుర్చీ. ఓడినోళ్లు ఇంటికే," అన్నాడు సోమేశ్వర్.

"నా బిడ్డల కాయితాల మీద ఎడ్లపందెమా సేటూ?" రాజలింగు నవ్వాడు.

"ఒకటి ముసలెద్దు గద బాపూ," అన్నాడు ప్రశాంత్. "అక్కా, అది లేచేసరికి నేను చాయ్ తాగొస్త."

మంజుల నవ్వలేదు. ఈ కుర్చీ పోతే మానుకోట టౌన్‌లో కూడా తనను తీసుకునేవాళ్లు లేరని ఆమెకు తెలుసు. అందుకే నిన్న సోమేశ్వర్ పందెం సంగతి చెప్పాక, షట్టర్ దించే ముందు రెండు పనులు చేసింది. పాతదానిలో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తంతా తీసేసింది. అది న్యాయమైన పని. తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్లి, కాచుకుని ఉన్న పెద్ద అప్‌డేట్‌ను మొదలయ్యేలా నొక్కి, మిషన్‌ను ఆపేసింది. పొద్దున ఆన్ చేయగానే మిగతా పని అదే మొదలుపెడుతుంది. అది మాత్రం న్యాయం కాదు.

"ఊఁ!" అన్నాడు సోమేశ్వర్.

సెవెన్ చిటికెలో లేచింది. లెవెన్ తెర మీద తెల్లని చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. ముప్పై శాతం. ఆపవద్దు. ముప్పై ఒకటి.

ప్రశాంత్ కాలు దించకుండానే చూస్తూ కూర్చున్నాడు. మంజుల వేళ్లు మాత్రం ఆగలేదు. పేరు, ఊరు, ఆధార్, ఫొటో. ఏడో నిమిషంలో ప్రింటర్ గరగరలాడింది. అప్పటికి లెవెన్ నలభై దగ్గరే ఉంది.

"ముసలెద్దే గెలిచె!" రాజలింగు చప్పట్లు కొట్టాడు.

సోమేశ్వర్ ప్రింటు అందుకున్నాడు. గడియారం చూశాడు. అతని మొహంలో సంతోషం లేదు.

"ఏడు నిమిషాలు. పాత మిషన్ మీద."

"అవును సేటూ."

"మరి గిదే దరఖాస్తుకు ఇన్నేండ్లు అరగంట ఎందుకు పట్టింది? జనం లైన్ల నిలవడి నిలవడి ఎదురు దుకాణానికి పోయిన్రు. అడిగినప్పుడల్లా మిషన్ స్లో అన్నవ్. మిషన్ మంచిగనే ఉన్నది మంజులా. స్లో ఉన్నది నువ్వు."

పాతదాన్ని నిన్ననే బాగుచేశానని మంజుల చెప్పొచ్చు. పదకొండేళ్లు ఎందుకు చేయలేదంటాడు. అయినా చెబుదామని నోరు తెరిచింది.

ప్రశాంత్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నిన్న నువ్వు నా మిషన్ ముందట కూసున్నది కిటికీలకెళ్లి చూసిన అక్కా. ఆపుదామనుకున్న. గెలిస్తెనే నువ్వు మునుగుతవని ఊకున్న. బావకు చెప్పాల్నా?"

మంజుల నోరు మూసుకుంది.

"తాళంచెవులు పెట్టి పో," అన్నాడు సోమేశ్వర్, ఆమె వైపు చూడకుండానే. "ప్రశాంత్, పాతదాని ముందట నువ్వు కూసో. రాజలింగూ, రెండో బిడ్డ పేరేంది?"

"పూజ," అన్నాడు రాజలింగు. ఇప్పుడతను నవ్వడం లేదు.

మంజుల లేచింది. కుర్చీ చల్లారకముందే ప్రశాంత్ అందులో కూర్చుని, పేరు కొట్టడం మొదలుపెట్టాడు.