దొర మనవరాలి పెళ్లి

ఇటలీలో మా ఓర్చా లోయ అందానికి లోకమంతా ఎగబడుతుంది. గోధుమ గుట్టల్నీ, వరుసగా నిలబడ్డ సైప్రస్ చెట్లనీ చూస్తూ పెళ్లాడాలని జర్మన్లూ ఇంగ్లిషువాళ్లూ బెర్నార్దో దొర మేడకు వస్తారు. ఆ మేడ ఎదుట కనిపించే గుట్ట మాత్రం నాది. పనికిరాని బంకమన్ను అని దొర వదిలించుకుంటే మా నాన్న కొన్నాడు.

వయసులో ఉండగా నేనూ పెళ్లి కావలసినదాన్నే. అప్పట్లో మావాళ్లు సగం పంటకు దొర భూమి దున్నేవాళ్లు. ఆయన సరేనంటేనే మా ఇళ్లలో పెళ్లి. నేను మనసుపడ్డ ఒరెస్తేని వెంటబెట్టుకుని వెళ్లి అడిగాను.

"నువ్వు పోతే మీ ఇంట్లో రెండు చేతులు తగ్గుతాయి. నా పొలం ఎవడు చేస్తాడు? కుదరదు," అన్నాడు, తలైనా ఎత్తకుండా.

ఒరెస్తే బెల్జియం బొగ్గుగనికి వెళ్లి, గని కూలిపోయి అక్కడే చచ్చిపోయాడు. నేను మరొకడి మొహం చూడలేదు.

జూన్‌లో దొర మనవరాలు కొస్తాంజా పెళ్లని చలికాలంలోనే తెలిసింది. ఆ ఏడు గుట్ట మీద విత్తనం వేయలేదు. పందుల పెంట పోగేశాను. ఆ ముసలాడికి ఒరెస్తే గుర్తుకొచ్చి కుమిలిపోవాలి, నాకు కావలసింది అంతే.

పెళ్లికి ముందురోజు కొస్తాంజా వచ్చింది.

"ఇసోలీనత్తా, ఆ ఎరువేదో ఎల్లుండి చల్లుకోవా?"

"నా పొలానికీ రేపే ముహూర్తం కుదిరిందమ్మా."

"నేను నీకేం చేశానత్తా?"

"ఏం చెయ్యలేదు. మీ తాతకి నేను మాత్రం ఏం చేశాను?"

ఏడుస్తూ వెళ్లిపోయింది. జాలేసింది, అబద్ధమెందుకు? అయినా ట్రాక్టర్‌లో డీజిల్ పోశాను.

మర్నాడు గాలి సరిగ్గా మేడ మీదికే కొట్టింది. సగం గుట్ట చల్లేసరికి బ్యాండు ఆగిపోయింది. ఖరీదైన పట్టు గౌన్లు ముక్కులు మూసుకుని లోపలికి పరుగెత్తాయి. నా కడుపు చల్లబడింది. దొర ఒక్కడే కర్ర పొడుచుకుంటూ కంచెదాకా వచ్చాడు.

"ఎందుకమ్మాయ్ ఇంత పగ?"

"ఒరెస్తే కోసం."

"ఎవరతను?"

చెప్పాను. వాడి ఊరు, వాడి చావు, ఆ రోజు వాడు తొడుక్కున్న అరువు కోటుతో సహా. దొర నిజంగానే ఆలోచించాడు.

"గుర్తు రావడం లేదు. అలా చాలామందికి వద్దన్నాను."

ట్రాక్టర్ ఎక్కి మిగతా సగం కూడా చల్లాను.