భోజనం చేసి కొన్న మానిటర్

ఒక్క మానిటర్ కొనడానికి ఇంటిల్లిపాదీ బయలుదేరడం చూసినప్పుడే సుస్మితకి ఒళ్ళు మండింది. కొనేది ఆమె, డబ్బు ఆమెది, పని ఆమెది. భర్త విజయకుమార్ మాత్రం తన తుపాకుల ఆటకి పనికొచ్చేలా ఉండాలన్నాడు. మావగారు భీమరాజుకి క్రికెట్ పెద్దగా కనబడాలి. "ఎలాగూ కొంటున్నాం కదా, అందరికీ పనికొచ్చేది తీసుకుందాం" అన్నారాయన. ఈ 'కొంటున్నాం' ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ దేవుడికే తెలియాలి.

సుస్మిత కొత్తపేటలో ఇంట్లోనే కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తుంది. స్టూడియోలవాళ్ళు ఫొటోలు పంపిస్తే రంగులు సరిచేసి, పేజీలు కూర్చి ఇస్తుంది. అన్నీ చిన్నాచితకా స్టూడియోలే. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా అమలాపురంలో పెద్ద స్టూడియో నడిపే నరసింహమూర్తిగారు మెత్తబడ్డారు. "ఒక్క ఆల్బమ్ చేసి చూపించమ్మా. రంగు కుదిరిందంటే ఈ ఏడాది మా పెళ్ళిళ్ళన్నీ నీకే" అన్నారు. సరిగ్గా ఆ వారమే పాత మానిటర్ మీద నిలువునా గీతలు పడి అది కాస్తా చచ్చి ఊరుకుంది.

అమలాపురంలో కంప్యూటర్ల షాపు బుల్లిరాజుది. కింద షాపు, పైన ఇల్లు. నలుగు పెట్టిన పెళ్ళికూతురి ఫొటో ఒకటి సుస్మిత ప్రింటు తీయించి తనతో తెచ్చుకుంది. అదే ఫొటో పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ తెర నిజం చెబుతుందో తేలిపోతుంది.

"రంగు ఉన్నది ఉన్నట్టు కనబడాలండి. ఆల్బమ్ పని నాది" అంది.

"ఆయ్, తప్పకుండానండి" అన్నాడు బుల్లిరాజు వినయంగా. అని, విజయకుమార్ వైపు తిరిగి, "సార్, ఇలా రండి. వంపు తెర. ఆట ఆడేరంటే ఇంక లేవలేరండి" అన్నాడు.

సుస్మిత పెన్‌డ్రైవ్ పెట్టించి ప్రింటు పక్కన పట్టుకుంది. ప్రింటులో పసుపు పసుపులాగే ఉంది. వంపు తెర మీద పెళ్ళికూతురి బుగ్గలు బూందీ లడ్డు రంగుకి తిరిగాయి.

"మెరిసిపోతోంది కదండీ" అన్నాడు బుల్లిరాజు.

"అదేనండి నాకొచ్చే చిక్కు. ఇది చూసి నేను రంగు తగ్గిస్తాను. తీరా ప్రింటు తీస్తే మొహం పాలిపోయి వస్తుంది."

మూలన బల్లపరుపుగా, ఏ సోకూ లేని మానిటర్ ఇంకొకటి ఉంది. దాని మీద పెట్టి చూస్తే ప్రింటుకీ తెరకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇదే ఇవ్వమంది సుస్మిత. అది బ్యాంకు కౌంటర్లో పెట్టుకునేదిలా ఉందని విజయకుమార్ మొహం ముడుచుకున్నాడు. "ఆయ్, మీ ఇష్టమేనండి" అన్నాడు బుల్లిరాజు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ భీమరాజుని ఇంటిపేరు అడిగాడు, అత్తవారి ఊరడిగాడు, ఐదు నిమిషాల్లో చుట్టరికం తవ్వి బయటికి తీశాడు.

"అయితే మీరు నాకు బాబాయిగారవుతారండి. భోజనాల వేళకొచ్చి తినకుండా వెళ్తారా?"

పైకి వెళ్ళక తప్పలేదు. బుల్లిరాజు భార్య రమణి అరిటాకులు వేసి, పనసపొట్టు కూర వడ్డించి, వద్దంటున్నా నెయ్యి పోసింది. ఒకరింట్లో చెయ్యి కడిగాక వాళ్ళ మాట కాదనడం ఈ సీమలో ఎవరివల్లా కాదు. అది ఆ షాపువాడికీ తెలుసు, సుస్మితకీ తెలుసు. మావగారు మాత్రం మారు వడ్డించుకుని, బ్రేవుమని త్రేన్చి, మూతి తుడుచుకున్నారు. ఛీ, ఆ త్రేన్పుతోనే తన మానిటర్ పోయిందనుకుంది.

"ఆ మూలదే కావాలంటే ఇచ్చేస్తానండి బాబాయిగారూ" అన్నాడు బుల్లిరాజు. "కానీ మనవాళ్ళకి అలాంటిది అంటగట్టేనంటే నాకు రాత్రి నిద్దర పట్టదండి. వంపుది ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత మీ ఇష్టం."

అందరూ సుస్మిత వైపు చూశారు. రమణి పూతరేకుల పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడింది. వద్దని చెప్పడానికే సుస్మిత నోరు తెరిచింది.

"పర్వాలేదండి. వంపుదే ఇవ్వండి."

దారంతా ఎవరి మీదా కోపం రాలేదు. తన నోటి మీదే అసహ్యం వేసింది.

ఆ మానిటర్‌లో ఉన్న సెట్టింగులన్నీ తిప్పి చూసింది. పసుపు దిగితే ఎరుపు ఎగబాకేది. సాయంత్రమయ్యేసరికి మావగారి క్రికెట్, ఆ తర్వాత మొగుడి తుపాకులు. పగలు దొరికిన కాసేపట్లో కళ్ళు చికిలించుకుంటూ, అంచనా మీద సరిచేసి, ఇచ్చిన గడువుకి ఆల్బమ్ ప్రింటు వేయించి పట్టుకెళ్ళింది.

నరసింహమూర్తిగారు మొదటి పేజీ తిప్పారు. పెళ్ళికూతురు పది లంఖణాలు చేసి లేచినదానిలా ఉంది. రెండో పేజీలో పెళ్ళికొడుకూ అంతే. ఆయన మూడో పేజీ దగ్గర కాసేపు ఆగి, మిగతావి గబగబా తిప్పేశారు. సుస్మిత చేతులు నలుపుకుంటూ చూసింది. ఒక్కసారి తిడితే చాలు, కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ చేసి తెస్తానని చెప్పుకోవచ్చు.

"రంగు తేడా వచ్చిందేమోనండి" అంది తనే.

"అబ్బే, బాగుందమ్మా. చాలా ఓపిగ్గా చేసేవు" అన్నారాయన, ఆల్బమ్ మూసి జాగ్రత్తగా ఆమె చేతిలోనే పెడుతూ. "అవసరమైతే నేనే ఫోన్ చేయిస్తాను. కాఫీ తాగి వెళ్ళు తల్లీ."

ఇక్కడ పుట్టిన మనిషికి ఆ మాటకి అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఆ గుమ్మం ఇక తొక్కనక్కర్లేదు. కాఫీ వచ్చింది. చక్కెర పాకం. సుస్మిత గ్లాసు రెండు చేతులతో అందుకుని, చివరి చుక్కదాకా తాగి, "చాలా బాగుందండి" అంది.