నాగులమ్మ ఒంట్లో ఉప్పు

తెల్లారేసరికి నాగులమ్మ దొరువులో ఉండేది. దొరువంటే బావి కాదు, గిలకా చేదా ఉండవు. సముద్రం ఒడ్డు ఇసకలో వాలుగా, వెడల్పుగా గుంట తీస్తే అడుగున తియ్యనీళ్లు ఊరతాయే, అదీ దొరువు. చేతికొక కడవ పట్టుకుని వాలు మీద దిగడం, ముంచడం, ఎక్కి రావడం. రోజుకు నూరుసార్లు దిగేది, నూరుసార్లు ఎక్కేది. పాలెంలో నలభై ఇళ్ల తాగేనీళ్లు ఆ గుంటలోవే. జువ్వలదిన్నెకు ఎగువన ఉండే ఆ పాలేనికి తూర్పున సముద్రం, పడమట ఉప్పుకాలవ. రెండు ఉప్పుల నడుమ ఈ తియ్యనీళ్లెట్లా నిలిచినాయని అడిగితే, వాన కురిసి ఇసకలో దాచిపెట్టిందని పెద్దలు చెప్పేవాళ్లు. మాట నిజమే.

దొరువు అడుగున ఒక తాటిమొద్దు అడ్డంగా పడుకుని ఉండేది. దాన్ని అక్కడ వేసినవాడు నాగులమ్మ మామ. పాల మీద మీగడ మాదిరి ఉప్పునీళ్ల మీద తియ్యనీళ్లు తేలుతుంటాయి, మీగడ వరకే మనది, అనేవాడు. "మొద్దు కిందికి గడ్డపార దించినోడు పాలెం గొంతు కోసినోడే" అని చెప్పి, దొరువును కొడుకు చేతికి కాకుండా కోడలి చేతికి అప్పగించి పోయినాడు. కొడుకు ఆదెయ్యకు అందులో బాధేమీ లేదు. వేటకు పోతే సముద్రం మీద, ఇంటికొస్తే మంచం మీద ఉండే మనిషి.

కోడలికే ఎందుకిచ్చినాడంటే, నాగులమ్మ ఒంట్లో ఉప్పు లేదు. మాటవరసకు కాదు, నిజంగానే లేదు. ఎండాకాలంలో అందరి రవికెల మీదా చెమట ఆరి తెల్లటి చారలు కడతాయి, ఆమె రవికె మీద కట్టవు. సముద్రంలో మునిగి వచ్చినా ఒంటి మీద ఉప్పు నిలవదు. నాలికకు ఉప్పు రుచే తెలియదు. పెళ్లయి అత్తారింటికి వచ్చేటప్పుడు ఏడిస్తే, అత్త ముసలమ్మ ఆమె చెంప తుడిచి, వేలు నోట్లో పెట్టుకుని చూసింది. (ముసలమ్మకు అప్పటికి నలభై కూడా లేవు. పుట్టినప్పటి నుంచీ ఆ పేరే, పాపం.) "ఏందే ఇది, చప్పగా ఉండాయి! తియ్యనీళ్లు!" అన్నది. అంతే, పాలెమంతా తెలిసిపోయింది. కొందరికి ఆరోవేలు ఉంటుంది, కొందరికి మెల్లకన్ను ఉంటుంది, నాగులమ్మకు ఉప్పు లేదు. దాని గురించి మళ్లీ ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచించి ఉంటే బాగుండేది. ఉప్పూ కారం తినే ఒంటికే కదా కోపం వచ్చేది! నాగులమ్మకు కోపం రాదు. 'కాదు' అనే మాట ఆమె నోట్లో పుట్టనే లేదు. రోలు ఇయ్యమంటే సరే, వల అల్లిపెట్టమంటే సరే, పిల్లోణ్ణి చూస్తుండమంటే సరే. పదకొండేళ్ల కిందట ఆమెకు కామమ్మ అని ఒక బిడ్డ పుట్టి, మూడు నెలలకు జ్వరం తగిలి పోయింది. మూడు దినాలు నాగులమ్మ కళ్లు ఆరలేదు. చూడొచ్చిన చుట్టాలు, "కళ్లలో నీళ్లే గదా, ఏడుపు యాడుంది?" అని పెదవి విరిచి పోయినారు. ముసలమ్మ కూడా, దీనికి మనసే లేదన్నది. ఆ మాట నాగులమ్మ చెవిన పడింది. దానికీ ఆమె సరే అనుకుంది.

అట్లాంటి మనిషి దగ్గరికి, మూడో ఎలక్షన్లు జరిగిన ఏడాది ఎండాకాలంలో, పద్మనాభయ్య వచ్చినాడు. బోగోలు పక్క రైతు. చెడ్డవాడేం కాదు, చెప్పులు దూరంగా విడిచి మాట్లాడే మనిషి. పాలెం పక్కన తొమ్మిదెకరాల ఇసకనేలలో సరుగుడు నాటినాడు. మద్రాసులో పొయ్యి వెలగాలంటే ఉప్పుకాలవ పడవల మీద మన సరుగుడు కట్టె పోవాల్సిందే అని ఆయన ధైర్యం. వానలు మొహం చాటేసి రెండేళ్లు వరసగా మొక్క ఎండిపోయింది. ఈసారి ఎడ్లబండి మీద ఆయిలింజను తెచ్చుకున్నాడు.

"నాగులమ్మా, నీ దొరువులో గొట్టం వేసుకుంటానమ్మా. ఈ ఏడు కూడా మొక్క పోతే నేను పిల్లలను తీసుకుని కూలికి పోవాల్సిందే" అన్నాడు.

"సరేలే అన్నా" అన్నది నాగులమ్మ.

ఉన్నమాట చెప్పుకోవాలి, మొదట్లో అందరికీ సంబరంగానే ఉండింది. ఇంజను డబడబమంటే గొట్టంలోంచి నీళ్లు ఏనుగు తొండంతో పోసినట్టు పడేవి. ఆడోళ్లు వాలు దిగే పని లేకుండా నిలబడే కడవలు పట్టుకున్నారు. ఇసకదిబ్బ మీది మొక్కలకు కూడా నాలుగు కాలవలు పారినాయి. ఆ దిబ్బ ఏడాదికి నాలుగు బారలు ఇళ్ల మీదికి నడిచొస్తుంటే, దాన్ని ఆపేదానికి బ్లాకు గ్రామసేవకుడు సరుగుడు మొక్కలిచ్చి, "మూడేళ్లు వీటిని మీరు బతికించండమ్మా, ఆనక అవి మిమ్మల్ని బతికిస్తాయి" అని చెప్పిపోయినాడు. రెండేళ్లుగా వాటికి కడవలతో పోసింది నాగులమ్మే. నడుము నొప్పి తగ్గి ఆమె కూడా సంతోషించింది.

పది దినాలకు నీళ్లు అడుగంటి గొట్టం గాలి పీల్చింది. "ఇంకొంచెం లోతు తీసుకుంటానమ్మా" అన్నాడు పద్మనాభయ్య. సరే అన్నది. తాటిమొద్దు పైకి లాగి గట్టున పడేసినారు. కింద నిలువెత్తు తవ్వినారు. నాగులమ్మ ఆ మొద్దు పక్కనే కూర్చుని, దాని మీది తడి ఇసక తుడిచింది.

మొదట తెలిసింది పక్కింటి గురవమ్మకు. పొద్దున పెట్టిన కందిపప్పు మధ్యాహ్నమైనా ఉడకలేదు.

"నాగులక్కా, నీళ్లు చూసినావా? పప్పు రాళ్ల మాదిరి కూర్చుంది!"

నాగులమ్మ దోసిలితో తాగి చూసింది. "బాగనే ఉండాయి గదమ్మే" అన్నది. ఆమె నాలికకు ఏం తెలుస్తుంది! వారం తిరిగేసరికి పిల్లలు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేస్తున్నారు. దిబ్బ మీది మొక్కల కొసలు మంట తగిలినట్టు మాడినాయి. అది చూసినాక గానీ నాగులమ్మకు అర్థం కాలేదు. రెండేళ్లు నడుం వంచి పెంచిన మొక్కలు. ఒక్కొక్క దాన్నే తడిమి చూసుకుంటా, "నేనే గదమ్మా సరే అన్నది" అని వాటితో చెప్పుకుంది.

పాలెం పెద్ద ఓబయ్య వలలు ఆరేసే చోట అందరినీ కూర్చోబెట్టినాడు. పద్మనాభయ్య కూడా వచ్చినాడు.

"ఈ నీళ్లు పోతే పాలెం లేచిపోవాల్సిందే. కాలవ దాటి ఎన్నాళ్లు మోసుకుంటాం? ఇంజను ఆపెయ్యాల" అన్నాడు ఓబయ్య.

"పెద్దాయనా, మొక్క ఇప్పుడే వేరు పట్టుకుంటుంది. ఇంకొక్క నెల ఓర్చుకుంటే నేను గట్టెక్కతా. కాదంటే మునిగిపోతా" అని పద్మనాభయ్య చేతులు జోడించినాడు. కళ్లలో నీళ్లు తిరిగినాయి. అవి ఉప్పునీళ్లు కాబట్టి నలుగురూ తల దించుకున్నారు.

"దొరువు నాగులమ్మది. మాట కూడా ఆయమ్మదే. చెప్పు తల్లీ" అన్నాడు ఓబయ్య.

నలభై ఇళ్లవాళ్లూ ఆమె మొహంలోకి చూసినారు. అనాల్సిన మాట ఏదో ఆమెకు తెలుసు. పొద్దుటినుంచీ మనసులో వంద సార్లు అనుకుని వచ్చింది. నోరు తెరిచింది.

"సరే" అని వచ్చింది.

ముసలమ్మ లేచి, చెంగు దులుపుకుని, "ఒంట్లో ఉప్పుంటే గదా!" అని ఒక్క మాట అని ఇంటికి పోయింది. తిట్టి ఉన్నా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం, ఇంజను చల్లారడానికి సాయంత్రం దాకా ఆపి అందరూ అన్నాలకు పోయినప్పుడు, నాగులమ్మ దొరువులో దిగింది. చేతిలో కడవలు లేవు. మొద్దు ఉండిన చోటు దాటి, కొత్తగా తవ్విన లోతులోకి దిగి, గొంతు వరకూ నీళ్లలో కూర్చుంది.

"నాకు లేంది నీకు జాస్తి అయింది. ఇట్టా ఇయ్యి. నా దగ్గర బోలెడంత చోటుంది" అన్నది నీళ్లతో.

మొదట పాదాల పగుళ్లు చుర్రుమన్నాయి. తర్వాత కడవ అంచులు కోసిన వేళ్ల చీలికలు. ముప్ఫై ఏళ్లుగా గాయం మండడమంటే ఏందో తెలియని మనిషి, పళ్లు బిగబట్టి కూర్చుంది. మంట మోకాళ్లకెక్కింది, నడుముకెక్కింది, గొంతుకొచ్చింది. గాయాలే కాదు, పాత మాటలు కూడా మండసాగినాయి. వల అల్లించుకుని మొహం తిప్పుకుపోయినవాళ్లు గుర్తొచ్చినారు. 'నీళ్లే గదా, ఏడుపు యాడుంది' అన్న మాట, చెవిలో ఇప్పుడే అన్నట్టు వినిపించింది. లేచి పోదామనిపించింది. లేవలేదు. పొద్దు ఉప్పుకాలవ మీదికి వాలేదాకా అట్లాగే కూర్చుంది.

ఆడోళ్లు కడవలతో వచ్చేసరికి ఆమె పైకి ఎక్కి వస్తున్నది. రవికె ఆరిన చోటల్లా తెల్లటి చారలు. కనుబొమల మీద, జుట్టు పాపిట్లో ఉప్పు మెరుస్తున్నది. గురవమ్మ ఆమెనూ నీళ్లనూ మార్చి మార్చి చూసి, దోసిలి ముంచి తాగింది.

"తియ్యగుండాయే!" అన్నది. తర్వాత మామూలుగానే, "ఇన్నేళ్ల ఖాళీ గదా, పట్టకేం చేస్తుంది" అని కడవ ముంచుకుంది. మిగతావాళ్లూ ముంచుకున్నారు. ఇంటికి పోయి పప్పు వెయ్యాలి కదా.

అప్పుడే పద్మనాభయ్య వచ్చి ఇంజను పక్కన నిలబడి, చక్రం మీద చెయ్యేసి, అలవాటు కొద్దీ అడిగినాడు.

"నాగులమ్మా, పెట్టుకుంటానమ్మా."

"వద్దు."

ఆయనకు సరిగా వినపడలేదో, విన్నది నమ్మలేదో. "ఒక్క గంటేనమ్మా" అన్నాడు.

"వద్దంటుండా గదా! చెవులు పన్జెయ్యవా?"

ఆ గొంతుకు గురవమ్మ చేతిలో కడవ జారింది. నాగులమ్మ తన గొంతు విని తనే ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ ముందుకు వచ్చింది.

"ఇంజను ఎత్తుకపో అన్నా. ఆ గుంట పూడ్చి, మొద్దు యాడుండిందో ఆడ పెట్టు. మా మామ పెట్టిన మొద్దది. నీ చెట్లు ఎండిపోవాలని నేను కోరుకోను. కడవలు తెచ్చుకో, మనుషులను తెచ్చుకో, మొద్దు మీది నీళ్లు మోసి పోసుకో. నేనూ నాలుగు కడవలు పోస్తా. దిబ్బ మీద పోయలేదా? చేత్తో పోసే నీళ్లను దొరువు ఎన్నడూ కాదనలేదు. దానికి దప్పిక తెలుసు, ఆత్రం తెలియదు."

పద్మనాభయ్య ఆ తెల్లటి చారలవైపు చూసినాడు. ఆయన ఆశలన్నీ ఆ ఇంజను మీదనే ఉండినాయి, పాపం, ఆ చక్రం మీది నుంచి చెయ్యి తీయడానికి మనసు రాలేదు. చివరికి తీసినాడు. తానే గుంటలోకి దిగి పార పట్టినాడు. ఓబయ్య, ఇంకో ముగ్గురు మగవాళ్లు మొద్దు దొర్లించుకొచ్చినారు. మర్నాడు ఎడ్లబండి ఇంజనును తీసుకుపోయింది. తొమ్మిదెకరాల్లో నాలుగే దక్కినాయి ఆయనకు, కడవ నీళ్లతో. దిబ్బ మీది మొక్కలు మాడిన కొసల కింది నుంచి మళ్లీ చిగురేసినాయి.

ఇదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం నాగులమ్మ ఇంటికి వచ్చి, కాళ్లు చాపి గోడకు ఆనుకుంది. సంగతి ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. ముసలమ్మ సట్టిలో సద్దీ, చేపల పులుసూ తెచ్చి ముందు పెట్టింది. నాగులమ్మ ఒక ముద్ద తిన్నది. నమలడం ఆపింది.

"అత్తా, పులుసులో ఉప్పు జాస్తి అయింది."

"ఆఁ?"

"ఇన్నేళ్లు ఇట్లాంటి పులుసు పోసి చంపినావా నన్ను?" అని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. చేతిలో ముద్ద సట్టిలోకి జారిపోయింది. "అత్తా, నా బిడ్డ... నా కామమ్మ..." అన్నది. పదకొండేళ్ల నాడు మూడు దినాలు కారిన ఆ చప్పటి నీళ్లు ఇప్పుడు కళ్లను మండిస్తూ వచ్చినాయి.

ముసలమ్మ దగ్గరికి జరిగి కోడలి చెంప తుడిచింది. పాత అలవాటు, వేలు నోటి దాకా పోయింది. నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. ఆ తడి వేలిని తన కళ్లకు అద్దుకుంది.

"ఏడువమ్మా, ఏడువు. అప్పుడు కూడా నువ్వు ఏడ్చే ఉంటావు. నాకే రుచి తెలియలేదు" అన్నది.