దాపటి రెక్క

నా మొగుడు నా గిర్నీలో పిండి దొంగతనం చేసేవాడంటే ఎవరూ నమ్మరు. చిటికెడే, కానీ రోజూ. సాయంత్రం గిర్నీ కట్టేసే వేళకు వచ్చి, కింద రాలిన జొన్నపిండి రెండు వేళ్లతో తీసుకుని, గడపలో నిలబడి మెల్లగా వదిలేవాడు. అది ఎటు కొట్టుకుపోతుందో చూసి, "రేపు గాలి మంచిగుంటదే పుష్పా" అనేవాడు. గాలి నచ్చకపోతే ఆ రాత్రి అన్నం కూడా నచ్చేది కాదు. బోధన్‌లో సగం మందికి పిండి పట్టి ఇచ్చే నాకు లేని గాలి గోల, మోటర్లకు వైండింగ్ చేసుకునే ఈ భానుప్రసాద్‌కు ఎందుకయ్యా అంటే, ఆయనకు విమానాల పిచ్చి.

మనుషులెక్కే విమానాలు కావు లెండి. థర్మోకోల్‌తో చేసి, చిన్న మోటరూ బ్యాటరీ పెట్టి, చేతిలో రిమోటుతో ఎగిరించేవి. ఈ పిచ్చి అంటించింది పతంగులు చేసే జమీల్ భాయ్. అతని దుకాణంలో ఫ్యాను బాగుచేయడానికి పోయాడు మా ఆయన. అక్కడ జమీల్ పతంగి పుల్లలకు ఆటబొమ్మ మోటరు కట్టి, అది లేవక తంటాలు పడుతున్నాడట. ఇంకేముంది, ఫ్యాను సంగతి మరిచిపోయి ఈయనా పక్కనే కూలబడ్డాడు. పొద్దుగూకాక ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా "ఎగిరిందే!" అన్నాడు. ఎంత దూరమంటే "గోడ దాకా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన మొహం మాత్రం పెళ్లినాడు కూడా అంత వెలగలేదు.

అప్పటినుంచి ఆదివారం తెల్లవారితే ఇద్దరూ రాజమల్లు పటేల్ కల్లంలోనే. పసుపు ఆరబోసే కల్లం కదా, నున్నగా చదునుగా ఉంటుంది. పెళ్లికి పిలిచినా, తద్దినానికి పిలిచినా ఈయనకు ముందు విమానమే. "మా ఇంట్ల సవతిని పెట్టిండు" అని నేను వాడంతా చెప్పుకున్నాను. "నీ సవతి తిండి అడగదు, చీరెలడగదు. ఇంకేం గావాలె నీకు?" అని ఆయన నవ్వేవాడు.

తరువాత షుగర్ కళ్ల మీదికి వచ్చింది. మా ఊళ్లో షుగర్ ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది గానీ, మా ఇంట్లో షుగర్ మాత్రం నడుస్తూనే ఉంది. నిజామాబాద్‌లో సూదులు వేశారు, లేజర్ పెట్టారు. అయినా ఒక కన్ను పోయింది, రెండోది మసకబారింది. ఎదురుగా వచ్చింది ఆడమనిషో మగమనిషో పోల్చుకుంటాడు. ఆకాశంలో విమానం కనిపించదు.

అప్పటికే వానాకాలమంతా కూర్చుని ఒక కొత్త విమానం చేసి పెట్టుకున్నాడు. పొడుగు రెక్కలు, పసుపు రంగు. అది ఒక్కసారి కూడా లేవలేదు. దాన్ని నా పాత చీరలో చుట్టి కొక్కేనికి వేలాడదీశాడు. "జమీల్‌కు ఇచ్చెయ్యి. నా ముంగట మాత్రం ఎగిరియ్యద్దని చెప్పు" అన్నాడు. ఆ రోజు నుంచి పిండి కోసం రావడం మానేశాడు.

నాకు భయం వేసింది. పెడితే తింటాడు, మందులిస్తే మింగుతాడు, తిడితే వింటాడు. ముప్పొద్దులా తిట్టినా ఒక్క మాట తిరిగి రాదు. నోరున్న ఆడదానికి అంతకంటే శిక్ష ఉంటుందా?

జమీల్ వచ్చాడు గానీ విమానం ముట్టలేదు. గడపలోనే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. "గిది లేవకపోతే భాయ్ గూడ లెవ్వడు భాభీ. ఏం జేద్దాం?"

"నాకు నేర్పియ్యి" అన్నాను.

"నీకా?"

"ఆఁ, నాకే. నా చేతుల రిమోటు సూస్తే, యాడ ఇరగ్గొడ్తనో అన్న భయంతోనన్న లేచి వస్తడు."

మంచి ఉపాయమే. కానీ విమానానికి నా మీద దయలేదు. జమీల్ కల్లంలో పాత విమానం నా చేతికిచ్చి, ఈ పుల్ల ఎడమకు నూకితే ఎడమకు, కుడికి నూకితే కుడికి తిరుగుతుందన్నాడు. మా నుంచి దూరంగా పోయినంతసేపూ బుద్ధిగానే పోయేది. మలుపు తిరిగి మాకెదురుగా వచ్చిందంటే చాలు, ఎడమకు రమ్మంటే కుడికి పోయేది. పోయి పక్కనున్న చెరుకు తోటలో పడేది.

"మన దిక్కు వచ్చేటప్పుడు ఉల్టా అయితది భాభీ. ఎడమంటే కుడి అనుకో."

"గట్ల అనుకునే లోపల్నే నేలకు గుద్దుకుంటున్నది గదన్నా!"

పడడం, టేపు అంటించడం, మళ్లీ పడడం. ఆ విమానానికి థర్మోకోల్ కంటే టేపే ఎక్కువైంది. ఇంటికి మాత్రం గిర్నీ నుంచి వచ్చినట్టు నటించేదాన్ని. ఇది నా వల్ల అయ్యే పని కాదని ఒకరోజు వంటింట్లో ఏడ్చాను కూడా.

ఒక పొద్దున అది సూటిగా మా మొహాల మీదికే వచ్చింది. జమీల్ తల కాపాడుకుంటూ చప్పున కింద కూర్చున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎడమలూ కుడులూ అన్నీ మరిచి, "హొయ్! దాపటికి మర్లు! నీ పాడుగాను, దాపటికి!" అని అరిచాను. అరుపుతో పాటు చెయ్యి దానంతటదే కదిలింది. విమానం బుద్ధిమంతురాలిలా పక్కకు తిరిగి పోయింది.

మాది నందిపేట దగ్గర పల్లె. మా బాపు ఆశన్నకు కొడుకుల్లేరు, పొలంలో ఎడ్లను కట్టి గుంటుక నేనే తోలాను. కాడికి ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్కది ఎలపటెద్దు. వెనుక నడిచినా సరే, ఎదురుగా పోయి గడ్డి వేసినా సరే, దాపటెద్దు దాపటెద్దే. నువ్వెక్కడ నిలబడ్డావన్నది ఎద్దుకు అక్కరలేదు. ఎడమ కుడులు నావి, అందుకే నాతోపాటు తారుమారయ్యాయి. దాపట ఎలపటలు దానివి. ఆ రోజునుంచి రెక్కలకు అవే పేర్లు పెట్టాను.

"ఎద్దుల మాట విమానం ఇంటదా?" అని జమీల్ నోరు తెరిచాడు.

"ఇన్నది గద!"

ఆ ఆదివారం కొక్కెం మీది విమానం దించి చీర విప్పాను. చప్పుడుకు మా ఆయన మంచం మీంచి లేచాడు.

"ఏందే గది?"

"నా సవతి. కల్లం దాకా తీస్కపోయి ఎగిరిస్త."

"నువ్వా? ఇరగ్గొడ్తవ్!"

"ఇరగ్గొడ్త. ఆపేటోనివైతే వచ్చి ఆపు."

"నీకేమన్న పిచ్చి లేసిందా? గటు ముట్టకు, రెక్క కాడ పట్టకు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఎన్నాళ్లకు విన్నాను ఆ అరుపు! కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని మరీ నా స్కూటీ వెనకాల ఎక్కాడు.

కల్లంలో జమీల్ విమానాన్ని చేత్తో విసిరాడు. అది లేచింది. "దాపటికి, ఇగ ఎలపటికి" అని గొణుక్కుంటూ తిప్పాను. మా ఆయన స్టూలు మీద బిగుసుకుని కూర్చుని, "ఏం గొణుగుతున్నవే, మంత్రమా?" అన్నాడు. చెప్పాను. పకపకా నవ్వాడు.

ఆ నవ్వు వింటూ విమానాన్ని కాస్త దూరం పోనిచ్చాను. చెరుకు తోటల మీద పొగమంచు. పసుపు రంగు పోయి నల్లటి చుక్క మిగిలింది.

"అయ్యో! పోతున్నదో వస్తున్నదో తెలుస్తలేదు!"

జమీల్ కూడా చెయ్యి అడ్డం పెట్టి చూసి, తెలియడం లేదని తల ఊపాడు. వానాకాలమంతా చేసిన కష్టం నా చేతుల్లో పోబోతోంది. మళ్లీ ఆ మంచం, ఆ మౌనం.

"సప్పుడు సెయ్యకుండ్రి." మా ఆయన లేచి నిలబడి తల పక్కకు వంచాడు. మోటర్ల మధ్య బతికిన చెవి అది. "పోతున్నది... పోతున్నది. ఎటన్న మలుపు. ఆఁ, మర్లింది. ఇగ వస్తున్నది. మన దిక్కే."

నిజమే. చుక్కకు రెక్కలు మొలిచాయి.

"రేస్ తగ్గియ్యి. ఇంకింత. రెక్కలెట్లున్నయ్?"

"దాపటి రెక్క కిందికైంది."

"అయితే ఎలపటికి నూకు. మెల్లగ, మెల్లగనే!"

పసుపు దుమ్ము లేపుకుంటూ కల్లం మధ్యలో దిగింది. ఆయన తడుముకుంటూ పోయి, మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని ముక్కు నుంచి తోక దాకా చేత్తో నిమిరాడు. "కడుపు గీరుకపోయింది. జర నిమ్మలంగ దించితే నీ సొమ్మేం పోతుండె?" అన్నాడు. నేనూ ఊరుకోలేదు, తిరిగి నాలుగు మాటలు అంటించాను. జమీల్ మా ఇద్దరినీ చూస్తూ, దేవుడికి చేతులెత్తాడు.

ఆ సాయంత్రం గిర్నీ కట్టేస్తున్నాను. గోడ పట్టుకుని వచ్చాడు. కింద తడిమి చిటికెడు పిండి తీశాడు. గడపలో నిలబడి చెయ్యి చాచి వదిలాడు. నేను బయట, ఆయనకు ఎదురుగా ఉన్నాను.

"ఎటు పోయిందే?"

పిండి నా కుడివైపుకు కొట్టుకుపోయింది.

"నీ దాపటికి" అన్నాను.