ఆడపిల్లలను మాత్రమే అడిగే కాగితం

"ఆ కాయితం సంగతి సాయంత్రం చూద్దాంలే," అన్నాడు భర్త దినకరన్, లోకేశ్వరి చట్నీలో తాలింపు వేస్తుండగా. వారం నుంచీ ఇదే మాట. దరఖాస్తు గడువు ఇవాళ సాయంత్రం అయిదుకే ముగిసిపోతుందని ఆయనకు తెలియక కాదు. తెలిసే అంటున్నాడు మహానుభావుడు. లోపలి గదిలోంచి అత్త అంబుజం అందుకుంది. "ఫ్రాన్సుకు పోయి నువ్వు నేర్చుకునేది ఏముందమ్మే? నెల దినాలు ఈ ఇంటిని ఎవురు చూడాల?" లోకేశ్వరి మూడు టిఫిన్ డబ్బాలకు మూతలు బిగించింది.

అరియాంకుప్పం నుంచి టౌనుకు పోయే బస్సులో నిలబడి ఉన్నా ఆమె మనసు నిలబడలేదు. కాలేజీ విదేశీ విద్యా విభాగంలో పన్నెండేళ్ల ఉద్యోగం. వీసా అధికారి ముందు ఎలా కూర్చోవాలో, పెట్టెలో ఊరగాయ ఎలా సర్దుకోవాలో ఎంతమంది పిల్లలకు చెప్పి పంపిందో! తను మాత్రం చెన్నై విమానాశ్రయం గేటు దాటి ఎరగదు. ఈ ఏడు ఫ్రాన్సు యూనివర్సిటీవాళ్లే ఆమె పేరు రాసి, నెల రోజుల శిక్షణకు రమ్మన్నారు. డైరెక్టర్ నవ్వుతూ, "సంతోషం. ఇంట్లో ఒప్పుకున్నారా? మీవారి సంతకంతో సమ్మతి పత్రం ఒకటి పెట్టేయండి, పద్ధతి ప్రకారం," అన్నాడు. నిరుడు ఆయన జర్మనీ వెళ్తే ఆయన భార్యను అడిగినవాడు లేడు. ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసినందుకు ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆఫీసు ముందు అనుప్రియ కాచుకుని ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల, క్లాసులో ఫస్టు. ఒక సెమిస్టరు ఫ్రాన్సులో చదవడానికి ఎంపికైంది. ఆమెకూ గడువు ఇవాళే.

"నాయన సంతకం చెయ్యలేదు మేడమ్. పెదనాయన్ని అడగాలంట. మా క్లాసు భువనేశ్‌ని ఎవురూ అడగలేదే? ఈ కాయితం ఫ్రాన్సోళ్లు అడిగినారా?"

లోకేశ్వరికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫ్రాన్సువాళ్లు ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ల కిందట ఎవరో తండ్రి వచ్చి, మా పిల్లను చెప్పకుండా పంపిస్తారా అని ఆఫీసులో రభస చేశాడు. బెదిరిపోయి ఆ మధ్యాహ్నమే, పది నిమిషాల్లో, ఆ పత్రాన్ని తనే టైపు చేసింది. ఆడపిల్లలకు మాత్రం. డైరెక్టర్ మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా. ఆ సంతకం రాక ఆగిపోయిన ఫైళ్లు ఇప్పటికీ బీరువా కింది అరలో ఉన్నాయి. వాటిని దుమ్ము దులిపి సర్దేదీ తనే. తలచుకుంటే సిగ్గేసింది.

"కూర్చో," అంది.

దరఖాస్తుతో జతచేయాల్సిన కాగితాల జాబితాలోంచి ఆ పత్రాన్ని కొట్టేసింది. పన్నెండు గంటలకు అనుప్రియ దరఖాస్తు, పన్నెండుంబావుకు తనది పంపేసింది. రేపు డైరెక్టర్ ఎగిరెగిరి పడతాడు. పడనీ.

సాయంత్రం ఏడింటికి దినకరన్ కాఫీ తాగి, జేబులోంచి పెన్ను తీసి, పెద్దమనసు చేసుకున్నట్టు చెయ్యి చాపాడు.

"ఏదీ, తే. చేస్తాలే సంతకం."

"అక్కర్లేదండీ. మధ్యాహ్నమే పంపించేసినా."

"సంతకం లేకుండా ఎట్ల ఒప్పుకుంటారు?"

"వాళ్లు ఎప్పుడూ అడగలేదు. ఇన్నేండ్లూ అడిగింది నేనే."