గడ్డి చెప్పిన లెక్క

సముద్రపు ఒడ్డున గొడుగులూ టోపీలూ అమ్ముకునేవాడికి శత్రువు ఎవరయ్యా అంటే పక్క కొట్టువాడు కాదు, చెట్టు. గొడుగుల షావుకారు ఇరవై రెండేళ్లుగా నమ్ముకున్న మాట ఇది. అతని గుమ్మానికి ఎదురుగా, రోడ్డు దాటగానే, బాదం చెట్ల తోట ఉంది. తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఊరు చూడవచ్చిన మనిషి ఎండకు మాడితే న్యాయంగా ఆగవలసింది అతని కొట్టు ముందు. ఆగేదేమో చెట్టు కింద.

"నేను నీడ అమ్ముతుంటే ఎదురుగా ఊరికే పంచిపెట్టే కొట్టు పెట్టారు బావా," అనేవాడు సోడా కొట్టు అతనితో. "దానికి తలుపు లేదు, తాళం లేదు, సెలవు కూడా లేదు."

ఆ ఎదుటి కొట్టును నడిపేది పరాయివాళ్లయితే నాలుగు మాటలని కడుపుమంట చల్లార్చుకునేవాడే. నడిపేది సొంత వదిన. పురపాలక సంఘంలో తోటమాలి. అన్నగారు పడవ ఇంజన్లు బాగుచేస్తూ ఇంట్లో సగం మాటలే మాట్లాడతాడు. మిగతా సగమూ ఆవిడే మాట్లాడుతుంది. ఊరంతా ఆమెను తోటక్క అంటుంది.

తోటక్కకు ఒక పద్ధతి ఉంది. తోటలో ఆమె ఎప్పుడూ ముందుగా దారి వేయదు. గడ్డి పరిచి, నీళ్లు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఆరు నెలలు జనం తిరిగాక ఎక్కడ గడ్డి అరిగి మట్టి కనిపించిందో చూసి అక్కడ రాళ్లు వేస్తుంది. ఒకప్పుడు ఇంజినీరు ఒకాయన కాగితం మీద గీత గీసి, ఆ గీత ప్రకారం తిన్నగా రాళ్లు పరిపించాడు. ఆ దారిన కుక్క కూడా నడవలేదు. ఏడాది తిరిగేసరికి రాళ్ల సందుల్లో గడ్డి మొలిచింది. తోటక్క రాళ్లన్నీ పెకలించి, జనం తొక్కిన చోటికి మోసుకుపోయింది. ఇంజినీరు వచ్చి చూసి, "ఇదేంటమ్మా, వంకరగా ఉందే?" అన్నాడట. "జనం వంకర సార్, నేనేం చేసేది?" అందట.

ఆ ఏడు తోటకు గండం వచ్చింది. టూరిస్టు బస్సులు ఆపడానికి చోటు లేదనీ, తోట తీసేసి బస్సుల స్టాండూ దాని చుట్టూ కొత్త కొట్లూ కడితే ఊరు బాగుపడుతుందనీ లాడ్జి పెద్దాయన పురపాలక సంఘానికి అర్జీ పెట్టాడు. వీధిలో ఉన్న పదకొండు మంది వర్తకుల్లో ఎక్కువమంది సరేనంటే మాకూ సరే అన్నారు అధికారులు. ఐదుగురు ఔనన్నారు, ఐదుగురు కాదన్నారు. మిగిలినవాడు గొడుగుల షావుకారు.

లాడ్జి పెద్దాయన స్వయంగా వచ్చి అతని కొట్టులో స్టూలు మీద కూర్చున్నాడు.

"మూల కొట్టు నీకే, షావుకారూ. రెండు వైపులా గుమ్మాలు. బస్సు దిగినవాడు కళ్లు తెరిస్తే నీ గొడుగే కనబడాలి."

మూల కొట్టు! వర్తకుడికి ఆ మాట వింటే నోరూరుతుంది. రెండు వైపుల గుమ్మాలంటే రెండు వలలు వేసినట్టే. పైగా చెట్లు ఉండవు. షావుకారు తల ఊపాడు, మాట కూడా ఇచ్చేశాడు. పది రోజుల్లో మీటింగు.

ఈలోగా కొలతల కోసమని తోట చుట్టూ తాడు కట్టారు. లోపలికి ఎవరూ పోకూడదు. బస్సులు రోడ్డు వారనే ఆగవచ్చు. షావుకారుకు ఇది ముందే వచ్చిన పండుగలా తోచింది. మేడ మీది సరుకంతా దించి, గుమ్మానికి ఇరువైపులా గొడుగులు విప్పి వేలాడదీశాడు.

మొదటి రోజు తొమ్మిది బస్సులు వచ్చాయి. జనం దిగారు. కళ్లు చికిలించారు. సముద్రం వైపు తిరిగి ఫోటోలు తీసుకున్నారు. "అబ్బ, ఏం ఎండ!" అని మళ్లీ బస్సెక్కేశారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు షావుకారు గోడ గడియారం దించి బల్ల మీద పెట్టుకుని లెక్క చూశాడు. బస్సు ఆగిన దగ్గర నుంచి కదిలేదాకా పద్నాలుగు నిమిషాలు. పద్నాలుగు నిమిషాల కోసం గొడుగు కొనే వెర్రివాడు ఎక్కడ ఉంటాడు?

"బావా, ఇంతకుముందు పొద్దున వచ్చిన బస్సు ఎప్పుడు వెళ్లేది?" అని అడిగాడు.

"చీకటి పడ్డాకే," అన్నాడు సోడా కొట్టు అతను. "ఇప్పుడైతే నేను సోడా కొట్టేలోపు తాగేవాడు బస్సులో ఉంటున్నాడు."

ఐదో రోజు ఉదయం గుమ్మం ఊడుస్తూ షావుకారు చీపురు పట్టుకుని ఆగిపోయాడు. చెత్త లేదు. ఇన్నేళ్లూ రోజూ తిట్టుకుంటూ చేటెడు ఎత్తేవాడు: గడ్డి పరకలు, ఎండిన బాదం ఆకుల ముక్కలు. ఎక్కడివి అవి? గాలికి వచ్చినవని అనుకునేవాడు. గాలి ఇప్పుడూ వీస్తూనే ఉంది. అప్పుడు గుర్తుకొచ్చింది: అద్దం ముందు నిలబడి టోపీ సవరించుకునేవాళ్ల వీపుల మీద ఎప్పుడూ ఏదో ఒక ఆకు ముక్క అంటుకుని ఉండేది. గొడుగు కొన్నది ఎండకు భయపడి పారిపోయినవాళ్లు కాదు. చెట్టు కింద నడుం వాల్చి, తిని, పిల్లల్ని ఆడించి, ఇంకాసేపు ఉందాం అనుకున్నవాళ్లు.

ఇరవై రెండేళ్లు తనకు బేరాలు పంపిన కొట్టునే అతను తిట్టుకున్నాడు.

తాడు ఎత్తి లోపలికి దూరాడు. వదిన గొట్టంతో మొక్కలకు నీళ్లు పడుతోంది.

"ఏం మరిదీ, దారి తప్పావా? నీ పోటీ కొట్టుకు వచ్చావే?"

"ఎగతాళి ఆపు వదినా. నా కొట్టు వైపు వచ్చే దారి ఏది?"

ఆవిడ గొట్టం పడేసి చూపించింది. పెద్ద బాదం చెట్టు కింది బల్ల దగ్గర నుంచి మూడు రాళ్ల దారులు చీలాయి. ఒకటి కుళాయికి, ఒకటి ఇసుకలోకి, మూడోది, అన్నిటికన్నా అరిగినది, తిన్నగా రోడ్డుకు, అతని గుమ్మానికి.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే వినే మొహమేనా నీది? అయినా నేను చెప్పడం దేనికి, గడ్డి చెబుతూనే ఉంది కదా."

"మూల కొట్టుకు మాటిచ్చాను వదినా."

"తెలుసు. మీ అన్న కూడా చెప్పాడు. అంటే చూసుకో, ఆయనే నోరు తెరిచాడంటే ఎంత పని చేశావో!"

అంతే. బతిమాలలేదు, కళ్లు తుడుచుకోలేదు. మళ్లీ గొట్టం అందుకుంది. ఈ మనిషి దగ్గర వ్యాపారం నేర్చుకోవలసింది తానేనని షావుకారుకు ఆ క్షణాన అనిపించింది. సరుకు చూపించి ఊరుకుంది.

మీటింగులో అతను లేచి, కాదు అన్నాడు. లాడ్జి పెద్దాయన మొహం మాడిపోయింది.

"మాటిచ్చావు కదయ్యా! మాట తప్పేవాడు వర్తకుడా?"

"తప్పు లెక్క మీద ఇచ్చిన మాట అది. పద్నాలుగు నిమిషాలు ఆగే బస్సులు మీ లాడ్జికి మాత్రం ఎందుకు? మీ గదులు నిండాలంటే జనానికి చీకటి పడాలి. చీకటి పడేదాకా వాళ్లను కూర్చోబెట్టేది చెట్టే, మీరూ కాదు, నేనూ కాదు. బస్సులు వీధి చివర పాత ఉప్పు గోదాము దగ్గర ఆపండి. నడిచి వస్తారు. పదకొండు కొట్లూ చూస్తారు."

"అప్పుడు నీ కొట్టు చిట్టచివర పడుతుంది, తెలుసా?" అన్నాడు ఎవరో.

తెలుసు. రాత్రంతా అతనికి నిద్ర పట్టనిది అందుకే.

తోటక్క వెనక వరసలో నుంచి లేచింది. చెట్టు ఒక్కటీ ముట్టుకోవద్దని అంటుందనుకున్నారు అందరూ. "రోడ్డు వార నాలుగు చెట్లు లోపల డొల్ల అయిపోయాయి. వాటిని నేనే కొట్టిస్తాను. ఆ జాగాలో తోపుడు బళ్లు పెట్టుకోండి. మిగతావి నాకు వదిలేయండి," అంది. చెట్టును పిల్లలా చూసుకునే మనిషి తనంతట తాను నాలుగు వదులుకుంటే ఇక బేరమాడే నోరు ఎవరికుంటుంది? ఆరుగురి చేతులు లేచాయి. కాసేపటికి లాడ్జి పెద్దాయనదీ లేచింది.

బస్సులు గోదాము దగ్గర ఆగడం మొదలైంది. అక్కడి నుంచి తోట పొడవునా తోటక్క కొత్త గడ్డి పరిచింది. రాళ్లు వేయలేదు. ఆరు నెలలు ఆగాలంది.

షావుకారుకు ఆరు నెలలు ఆగే ఓపిక ఎక్కడిది? చివరి కొట్టు దాకా జనం రాకపోతే, సోడా కొట్టు దగ్గరే దారి తెగిపోతే? నెల తిరక్కుండానే రోజూ తెల్లవారుజామున, కొట్టు తెరవకముందు, గోదాము నుంచి తన గుమ్మానికి సూటిగా ఇరవైసార్లు నడవడం మొదలుపెట్టాడు. కాళ్లు ఈడ్చి, గట్టిగా తొక్కి మరీ. పది రోజులకు సన్నటి గీత పడింది. పదకొండో రోజు వెనక నుంచి గొంతు వినిపించింది.

"మరిదీ, ఒంటి మనిషి జాడకూ ఊరి జాడకూ తేడా తెలియకుండానే ఇన్నేళ్లు తోట పని చేశాననుకున్నావా?"

దొంగ దొరికిపోయాడు. "వ్యాయామం వదినా," అన్నాడు.

"అలాగా! వ్యాయామం చేసేవాడు మడమలు ఈడుస్తాడని ఇప్పుడే తెలిసింది." ఆవిడ నవ్వి, చెయ్యి చాపింది. "ఇటు చూడు."

అతని గీతకు నాలుగు అడుగుల అవతల, ప్రతి చెట్టునూ చుట్టుకుంటూ వంకరటింకరగా, మరో దారి అరిగి ఉంది. అతనిదాని కన్నా రెండింతలు వెడల్పు. చెప్పుల జాడలు, పిల్లల అరికాళ్ల జాడలు.

"నువ్వు తిన్నగా నడిచావు," అంది తోటక్క. "జనం నీడలో నడిచారు."

షావుకారు ఆ వంకర దారి వెంట ఒక్కో చెట్టూ దాటుకుంటూ నడిచాడు. సోడా కొట్టు ఎదురుగా అది కొంచెం ఉబ్బి, మళ్లీ సాగింది. చివరి బాదం చెట్టు దాటాక రోడ్డు, రోడ్డుకు అవతల తన గుమ్మం. గుమ్మం ముందు గడ్డి పరకలు. చీపురు తీసుకుని ఊడవబోయి, ఏమనుకున్నాడో, మళ్లీ మూల నిలబెట్టేశాడు.